కృపాసదనము

మా పాఠశాలలో వేదపాఠపు గంటయందు యోహాను సువార్త 4వ అధ్యాయము వచ్చినప్పుడెల్లను, ఆ సమరయ స్త్రీ మధ్యాహ్నపు టెండలో ఒంటరిగా నీళ్లకేల వచ్చెనని పిల్లలడుగుదురు. ఊరి స్త్రీలతో కలిసి వచ్చుటకు మొగము చెల్లక కాబోలునని చెప్పి, మేము త్వరగా తరువాతి వచనమునకు పోవుట కలదు. పండిత రమాబాయిగారు మాత్రము ఆ కథయొద్దనే నిలిచిపోయిరి.

1883వ సంవత్సరమున ఆమె ఇంగ్లండునకు వెళ్లి, వాంటేజిలోని క్రైస్తవ సన్యాసినుల యొద్ద నుండిరి. ఆ సోదరీమణులు లండనునందు ఫుల్‌హాములో నడుపుచుండిన ఆశ్రయగృహమును ఆమెకు చూపిరి. పడుపువృత్తినుండి బయటపడిన స్త్రీలను అచ్చట తోబుట్టువులవలె ఆదరించుట గని ఆమె విస్మయమొందిరి. అట్టి ఆదరణ ఆమె అంతకు ముందెన్నడును చూచి యెరుగరు. ఇట్లేల చేయుచున్నారని యడుగగా, ఒక సోదరి సమరయ స్త్రీ కథ చదివి వినిపించెను. తమ మనస్సు క్రీస్తువైపు తిరుగుటకు అది యొక కారణమని ఆమెయే తరువాత వ్రాసిరి.

ఇట్టి స్త్రీలు దుర్బుద్ధిచేతనే ఆ వృత్తిలో దిగుదురని తలచువారు పెక్కురు. వారు ఆకలి నెరుగరు. రమాబాయిగా రెరుగుదురు. యౌవనములో, తిండిలేక తలిదండ్రులతో తిరుపతి యడవులలో ఆకులు తిని పలుదినములు గడపిరి. 1874లో తలిదండ్రులిరువురును గతించిరి. 1896-97 క్షామకాలమున మధ్యపరగణాలకు స్వయముగా పోయి చూడగా, దిక్కులేని బాలికలను పట్టుకొనిపోవుటకు తార్చువారు కరవు శిబిరముల చుట్టు పొంచియుండిరి. ఆమె సుమారు 300 మంది స్త్రీలను, బాలికలను పూనా జిల్లాలోని కేడ్గాఁవునకు తోడ్కొని వచ్చిరి. అదియే ముక్తిసదనము. అందులో, చెడినవారని లోకము త్రోసివేసిన స్త్రీలకై వేరుగా ఏర్పరచినది కృపాసదనము.

బయటికి రప్పించుట పనిలో సగము కూడ కాదు. చీరకు, నగకు, తిండికి లెక్కగట్టి యజమానురాలు అప్పు చూపును. ఆ యప్పు తీరదు. ఎట్లో తప్పించుకొని వచ్చినను పుట్టినిల్లు తలుపు తీయదు. ఏ యింటను పాచిపనికైనను పెట్టుకొనరు. రెండుపూటల పస్తున్న పిమ్మట ఆమె మరల ఏ వీధికి పోవునో చెప్పనక్కరలేదు. పెండ్లి చేసిన చాలునని కొందరందురు. మాకట్లు తోచదు. మగడు పాతకథ యెత్తి దెప్పినదినమున, చేతిలో పనిలేని యాలు ఏమి చేయగలదు?

కేడ్గాఁవున చదువుతో పాటు పని నేర్పిరి: నేత, కుట్టుపని, గానుగ, పాడి, సేద్యము, చాకలిపని, అచ్చుపని. ఈ పనులు ఆడవారికి తగవని యనువారు అక్కడి అచ్చుకూటమును తలచుకొనవలెను. రమాబాయిగారు హీబ్రూ, గ్రీకు మూలములనుండి బైబిలును మరాఠీలోనికి తెనిగించిరనరాదు గదా, మరాఠించిరందము! దానికి అక్షరములు కూర్చి అచ్చొత్తినవారు ముక్తిసదనపు స్త్రీలే. ఆమె 1922 ఏప్రిలు 5వ తేదీన పరమపదించిరి. గ్రంథము 1924లో వెలువడెను. యోహాను 4వ అధ్యాయమునకు సీసపు టక్షరములు పేర్చినవియు అచ్చటి చేతులే.