కాలేజీలో నాకు చోటుందా?

మింజూరు నుంచి చెన్నై సెంట్రల్‌కు సుమారు 30 కిలోమీటర్లు. అత్తిపట్టు, ఎన్నూరు, తిరువొత్తియూరు మీదుగా సాగే ఆ లోకల్ రైళ్లలో ఏటా కాలేజీలు తెరవగానే కొత్త ముఖాలు కనిపిస్తాయి. ఇంట్లో తెలుగు, బడిలో వీధిలో తమిళం, ఇకపై క్లాసులో ఇంగ్లీషు. నోరు విప్పని ఆ పిల్లల్ని చూసి ఇంటివాళ్లు పిరికితనం అంటారు, పాఠం చెప్పేవాళ్లు పునాది లేదంటారు. ఈ రెండు మాటలూ పిల్లవాడిలోనే లోపం వెతుకుతున్నాయి. నిజానికి మొదటి ఏడాది విద్యార్థిని తొలిచేది ఒకటే ప్రశ్న: ఇక్కడ నాకు చోటుందా? దానికి జవాబు చెప్పాల్సింది కాలేజీ. అది చెప్పకపోతే ఇంకెవరో చెబుతారు.

తెలుగు ఇంటి పిల్లలనగానే అందరూ భాషనే కారణంగా చూపుతారు గనుక ముందు దాని సంగతి. తమిళనాడు 2006లో తెచ్చిన చట్టం తమిళాన్ని ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతి చొప్పున తప్పనిసరి చేసుకుంటూ 2015-16కి పదో తరగతి దాకా తెచ్చింది. ఇప్పుడు కాలేజీ మెట్లెక్కుతున్నది ఆ తర్వాతి తరం. వాళ్లకు తమిళం కష్టం కాదు. తెలుగు చదవడమే చాలామందికి రాదు; ఆ బాధ వేరు, దానికి మరో కథనం కావాలి. నోరు కట్టేసేది ఇంగ్లీషు పాఠం. అయితే పొన్నేరి నుంచో కవరైపేట నుంచో వచ్చి పక్కన కూర్చున్న తమిళ మీడియం పిల్లవాడి కష్టమూ అదే. ఇద్దరూ తలూపుతూ నోట్సు రాసుకుంటారు. ఎదుటివాడికి అర్థమైంది, నాకే కాలేదు అని ఇద్దరూ అనుకుంటారు. మొదటి సెమిస్టరులో రెండు పేపర్లు తప్పి అరియర్ పడితే ఆ అనుమానం రుజువైనట్టే తోస్తుంది. ఇక సందేహం అడగరు. అడగకపోవడం వల్ల మరింత వెనకబడతారు. వెనకబడ్డాం గనుక అసలే అడగరు.

ఈ చిక్కుముడి విప్పవచ్చని చూపిన పరిశోధన ఉంది. అమెరికాలో గ్రెగరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ మొదటి ఏడాది విద్యార్థులకు ఒక గంట సేపు సీనియర్ల అనుభవాలు చదివించారు. మొదట్లో అందరికీ ఇది తమ చోటు కాదనే అనిపిస్తుందనీ, రోజులు గడిచేకొద్దీ కుదురుకుంటారనీ వాటి సారాంశం. ఆ మాటనే రాబోయే కొత్తవాళ్ల కోసం విద్యార్థుల చేతే వాళ్ల మాటల్లో రాయించారు. 2011లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం మూడేళ్లలో నల్లజాతి విద్యార్థుల మార్కులు పెరిగి, తెల్లజాతివారితో ఉన్న తేడా సగానికి తగ్గింది. ఒక గంట మాటలకే ఇంత మార్పా అని ఎవరికైనా సందేహం వస్తుంది. 2023లో అదే పత్రికలో 22 విద్యాసంస్థలకు చెందిన 26,911 మందిపై అదే తరహాలో జరిగిన అధ్యయనం వచ్చింది. ఆ మాట అన్నిచోట్లా ఒకేలా పనిచేయలేదు. చోటుందా అని సందేహించే విద్యార్థులకు నిజంగానే చోటిచ్చిన సంస్థల్లో మాత్రమే మొదటి ఏడాది నిలదొక్కుకున్నవాళ్లు పెరిగారు. నాకు ఈ రెండో ఫలితమే ముఖ్యం. ఊరట మాట వెనక చోటు లేకపోతే ఆ మాట పలకదు.

చోటు దొరకని పిల్లవాడు ఒంటరిగా ఎన్నాళ్లో ఉండడు. చెన్నై కాలేజీల్లో ‘రూటు తల’ అంటే తెలియనివాళ్లు అరుదు. ఒక్కో బస్సు రూటుకు, ఒక్కో రైలు మార్గానికి ఒక గుంపు, దానికో నాయకుడు. కొత్తవాణ్ని పేరు పెట్టి పిలిచేది, పక్కన సీటు చూపేది, ఎవరైనా ఏమైనా అంటే ‘మావాడు’ అని ముందుకొచ్చేది ఆ గుంపు. కాలేజీ ఏడాదికి కూడా ఇవ్వనిదాన్ని అది వారంలో ఇస్తుంది. ఇలాంటి గుంపుల మధ్య పగలు ఎంతదాకా పోతాయో 2024 అక్టోబరు చూపింది: తిరుత్తణి ప్రాంతానికి చెందిన 19 ఏళ్ల విద్యార్థి ఒకరు చెన్నై సెంట్రల్ దగ్గర వేరే కాలేజీ విద్యార్థుల దాడిలో గాయపడి ప్రాణాలు కోల్పోయాడు. కేసులూ శిక్షలూ ఉండాల్సిందే. కానీ అవన్నీ గుంపు కట్టాక వచ్చేవి.

మా కాలంలో ఈ గారాబాలు ఎక్కడివి, తిరుత్తణిలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌కు ఎవరు ధైర్యం చెప్పారు అని పెద్దలు అడగవచ్చు. అడగదగిన ప్రశ్నే. అయితే 1888లో పుట్టిన ఆయన తిరుత్తణి నుంచి నేరుగా మద్రాసుకు రాలేదు. తిరుపతిలో మిషన్ బడి, వేలూరులో వూర్‌హీస్ కాలేజీ, ఆ తర్వాత మద్రాస్ క్రిస్టియన్ కాలేజీ. ఒక్కో మెట్టూ ఎక్కుతూ, స్కాలర్‌షిప్పుల ఊతంతో వచ్చారు. ఆ రోజుల్లోనే మధ్యలో మానేసి ఊరు చేరినవాళ్ల జీవితచరిత్రలు ఎవరూ రాయలేదు గనుక, గట్టెక్కినవాళ్లే మనకు ఉదాహరణలుగా మిగిలారు. ఇలా బుజ్జగిస్తే చదువు పలచబడుతుందన్న ఆక్షేపణ కూడా నిలవదు. ఆ పరిశోధనల్లో ఎవరూ పరీక్ష తేలిక చేయలేదు, పాఠం తగ్గించలేదు. ఇక డబ్బు సంగతి. ప్రభుత్వ బడుల్లో చదివి వచ్చిన అమ్మాయిలకు 2022 నుంచి ‘పుదుమై పెణ్’, అబ్బాయిలకు 2024 నుంచి ‘తమిళ్ పుదల్వన్’ కింద నెలకు 1,000 రూపాయలు అందుతున్నాయి. ఎంతో మందిని కాలేజీ గేటు దాకా తెచ్చే మంచి పథకాలివి. గేటు దాటాక జరగాల్సింది కాలేజీ పని.

కొత్త విద్యార్థుల కోసం యూజీసీ 2019లో ‘దీక్షారంభ్’ పేరిట మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కార్యక్రమాన్ని ముఖ్య అతిథుల ప్రసంగాలతో ముగించేస్తే మింజూరు పిల్లలకు మిగిలేదేమీ లేదు. స్నేహాలు కుదిరేది క్లాసులయ్యాక, ఆటస్థలంలో, ఎన్ఎస్ఎస్ పనుల్లో. రోజూ వచ్చిపోయేవాళ్లకు అప్పటికి రైలు టైమవుతుంది. చీకటి పడకముందే ఇల్లు చేరమని అమ్మాయిలకు ఇంట్లో చెప్పి పంపుతారు. కాబట్టి స్నేహాలు కుదిరే గంట టైంటేబుల్లో మధ్యాహ్నమే ఉండాలి. నిద్రా తిండీ పోయి, బతుకు మీదే విరక్తి కలిగే భయం వేరు. దానికి వైద్యం కావాలి, టెలి మానస్ 14416 నంబరు అందుకే ఉంది. మిగతావాళ్లకు కావలసింది అదే లైనులో వచ్చే ఒక సీనియర్ అన్నో అక్కో. ఒకప్పుడు అరియర్ పడి, మళ్లీ రాసి గట్టెక్కినవాళ్లయితే మరీ మంచిది. వాళ్లను కొత్తవాళ్ల ముందు కూర్చోబెట్టాల్సింది మొదటి ఇంటర్నల్స్ మార్కులు బోర్డు మీద అంటించక ముందే.