గీతలు సరే... చేతులు ఎవరివి?

ప్రభాస్ సినిమా వచ్చిందంటే మొదటివారంలోనే చూడాలి నాకు. 2004లో ‘వర్షం’ చూసినప్పటి నుంచీ ఇదే వరస. మావారు నవ్వుతారు, పిల్లలు ఏడిపిస్తారు. అయినా సరే! అలాంటిది 2022 మార్చి 11న ‘రాధేశ్యామ్’ విడుదలైతే, మా వనపర్తిలో నాతోపాటు చూసిన స్నేహితురాళ్లంతా పెదవి విరిచారు. ‘బాహుబలి’ని చూసిన కళ్లకు కత్తి పట్టని ప్రభాస్ ఆనలేదు మరి. కథ నెమ్మదిగా నడుస్తుందన్న మాట నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ సినిమా నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అందులో ప్రభాస్ హస్తసాముద్రికుడు విక్రమాదిత్య. అరచెయ్యి చూసి జరగబోయేది చెప్పేస్తాడు. దేశంలో ఎమర్జెన్సీ వస్తుందని ముందే చెప్పినవాడు! కథ 1970లలో ఇటలీలో నడుస్తుంది. తన చేతిలో ప్రేమరేఖే లేదనుకున్న ఆయన డాక్టరు ప్రేరణను ప్రేమిస్తాడు. నయంకాని జబ్బుతో ఉన్న ఆమెకు వైద్యులు ఆశ లేదంటే, ఈయన చెయ్యి చూసి నిండు నూరేళ్లంటాడు. గురువు పరమహంసగా కృష్ణంరాజు కనిపిస్తారు. అదే ఏడాది సెప్టెంబరు 11న ఆయన కన్నుమూశారు. గీతలు నూటికి తొంభై తొమ్మిది మందికి నిజమవుతాయనీ, మిగిలిన ఒక్కరూ తమ రాత తామే రాసుకుంటారనీ ఆ గురువు నమ్మకం.

అందరూ ప్రేమకథ చూశారు. నేను మాత్రం తార దగ్గర ఆగిపోయాను. విలువిద్య నేర్చుకునే ఆ అమ్మాయి రైల్లో ఆశగా చెయ్యి చాపితే, నీకు ఆటల్లో భవిష్యత్తు లేదు, చదువు చూసుకో అని తేల్చేస్తాడు. ఎంత తేలిగ్గా అనేశాడో!

మన ఇళ్లల్లో జరిగేదీ అదేగా? గద్వాల, నాగర్‌కర్నూల్, వనపర్తి... ఎక్కడికి వెళ్లినా చిలక జోస్యం, సోది, పంచాంగం కొత్తకాదు. సరదాగా చెప్పించుకుంటే ఏ నష్టమూ లేదు. మూల నక్షత్రమనీ, కుజదోషమనీ ఆడపిల్ల దారికి అడ్డంపెట్టినప్పుడే నాకు ఒళ్లు మండుతుంది. మగపిల్లాడి జాతకం బాగాలేకపోతే శాంతి చేయిస్తాం. ఆడపిల్లది బాగాలేకపోతే చదువు మాన్పిస్తాం.

గద్వాలలో ఉన్న మా చెల్లెలి కూతురికి నర్సింగులో సీటొచ్చింది. ఆ వారంలోనే ఎవరో జాతకం చూసి, పిల్లకు విద్యాయోగం లేదు, ఈ ఏడు పెళ్లి తప్పితే మళ్లీ ముప్పై దాటాకేనన్నారు. మా మరిది ఫీజు కట్టడం ఆపేశాడు. పిల్ల ఫోన్ చేసింది.

“పెద్దమ్మా, సినిమాలో ఆ తారకు సదువన్న ఉందని చెప్పిండు. నాకు అది గూడ లేదంటున్నరు!”

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మర్నాడే బస్సెక్కాను. మరిదితో వాదం పెట్టుకోలేదు. ఒక్కటే అడిగాను: “2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణ పొంగి అలంపురం మునిగింది కదా. మనకు జాతకాలు చెప్పేవాళ్లలో ఒక్కరన్నా ముందు చెప్పిన్రా?” ఆయన చాలాసేపు మాట్లాడలేదు. “గడువు ఎప్పటిదాంక ఉందొదినా?” అన్నాడు చివరికి. పిల్ల ఇప్పుడు రెండో ఏడు చదువుతోంది.

సినిమాలో తార ఒక చెయ్యి పోగొట్టుకున్నా విల్లు వదలదు. ఇదంతా సినిమాల్లోనేలే అంటారా? జమ్మూకాశ్మీర్ అమ్మాయి శీతల్ దేవి రెండు చేతులూ లేకుండానే పుట్టింది. కాలితో విల్లు పట్టి, రాకేశ్ కుమార్‌తో కలిసి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం గెలిచింది. గీతలు చూద్దామంటే అరచెయ్యే లేదు ఆ పిల్లకు! మన వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి మాటేమిటి? గ్రహణం వేళ పుట్టిందంటూ ఊళ్లో ఎగతాళి చేసేవారని తల్లిదండ్రులే చెప్పారు. ఆ దీప్తి అదే పారిస్‌లో 400 మీటర్ల పరుగులో కంచు తెచ్చింది.

గద్వాల చీర నేసే అక్కల చేతులు ఎప్పుడైనా చూశారా? నాట్లేసి వచ్చిన అమ్మల చేతులు? పనిచేసి చేసి గీతలు అరిగిపోయి ఉంటాయి. ఇల్లు గడిచేది మాత్రం ఆ చేతుల మీదే.

జాతకం చూపించుకోవద్దని నేననను. నమ్మకాలు ఎవరివి వాళ్లవి. కానీ మీ అమ్మాయి గురించి ఎవరైనా ‘ఆ యోగం లేదు’ అంటే, ఫీజు కట్టాల్సిన గడువు ఎప్పుడో ముందు కనుక్కోండి. యోగం సంగతి ఆ తర్వాత మాట్లాడుకోవచ్చు. ఏమంటారు?