జ్వరం కనిపించని మలేరియాతో గర్భిణులకు ముప్పు

దేశంలో మలేరియా తగ్గుముఖం పట్టినప్పటికీ గర్భిణుల విషయంలో అప్రమత్తత సడలరాదని వైద్య నిపుణులు హెచ్చరిస్తున్నారు. ఇతరుల్లో చలి, వణుకు, తీవ్ర జ్వరంతో బయటపడే ఈ వ్యాధి గర్భిణిలో ఒక్కోసారి ఏ లక్షణమూ చూపకుండానే లోలోపల రక్తాన్ని హరించి, కడుపులోని బిడ్డ ఎదుగుదలను దెబ్బతీస్తుంది. జ్వరం వచ్చాక చూద్దామని వేచి ఉండడమే ఇక్కడ అసలు ప్రమాదం.

మలేరియాపై పోరులో భారత్ సాధించిన ప్రగతి స్వల్పమైనదేమీ కాదు. ఒకప్పుడు దేశంలోకెల్లా అత్యధిక కేసులు నమోదైన ఒడిశాలో 2017లో మూడున్నర లక్షలకు చేరువగా ఉన్న కేసుల సంఖ్య మరుసటి ఏడాదికి 66 వేలకు దిగివచ్చింది. మారుమూల పల్లెల్లో జ్వరం ఉన్నవారికీ లేనివారికీ రక్తపరీక్షలు జరిపిన 'దమన్' కార్యక్రమం, పెద్దఎత్తున సాగిన దోమతెరల పంపిణీ ఇందుకు తోడ్పడ్డాయి. వ్యాధి భారం అధికంగా గల దేశాల బృందం నుంచి భారత్ 2024లో వెలుపలికి వచ్చింది. 2027 నాటికి స్థానికంగా సంక్రమించే కేసులు లేకుండా చేయాలని, 2030 నాటికి వ్యాధిని పూర్తిగా నిర్మూలించాలని కేంద్ర ప్రభుత్వం లక్ష్యంగా పెట్టుకుంది.

అయితే మిగిలిన వ్యాధి దేశమంతటా సమానంగా లేదు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, ఈశాన్య రాష్ట్రాల్లోని అటవీ, కొండ ప్రాంతాల్లోనే అది ప్రధానంగా తిష్ఠ వేసింది. ఆసుపత్రికి చేరడమే కష్టమైన ఈ పల్లెల్లోని గర్భిణులకు ముప్పు ఇంకా తొలగలేదు.

మాయలో మాటువేసే పరాన్నజీవి

మలేరియా కారక క్రిముల్లో అత్యంత ప్రమాదకరమైనది ఫాల్సిపారం. ఈ క్రిమి ప్రవేశించిన ఎర్ర రక్తకణాలు గర్భిణి శరీరంలోని మాయకు అతుక్కుని అక్కడే పేరుకుపోతాయి. మాయలోని కాండ్రాయిటిన్ సల్ఫేట్-ఎ అనే పదార్థం వీటిని పట్టి ఉంచుతుందని ఫ్రైడ్, డఫీ అనే శాస్త్రజ్ఞులు 1996లో వెల్లడించారు. బిడ్డకు ఆహారం, ప్రాణవాయువు చేరేది మాయ ద్వారానే. అక్కడ ఆటంకం ఏర్పడితే బిడ్డ ఎదుగుదల కుంటుపడుతుంది. గర్భస్రావం, నెలలు నిండకముందే కాన్పు, మృతశిశు జననం వంటి అనర్థాలకూ దారితీస్తుంది. రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డ బతికి బట్టకట్టే అవకాశాలు సాధారణ బరువు గల బిడ్డ కన్నా తక్కువ.

క్రిములు మాయలో దాగి ఉన్నప్పుడు వేలి కొసనుంచి తీసిన రక్తంలో అవి కనిపించకపోవచ్చు. అందువల్ల ఒక్క పరీక్షలో మలేరియా లేదని తేలినంత మాత్రాన నిశ్చింతగా ఉండడానికి వీల్లేదు. లక్షణాలు కొనసాగితే మళ్లీ పరీక్ష చేయించుకోవలసిందే.

ఆఫ్రికా ఖండంలో వ్యాధి తీవ్రంగా గల ప్రాంతాల్లో పెద్దలకు చిన్ననాటి నుంచి పదేపదే సోకిన జ్వరాల వల్ల కొంత నిరోధకశక్తి ఏర్పడుతుంది. కానీ మాయకు అతుక్కునే క్రిములను ఎదుర్కొనే శక్తి తొలి గర్భం దాల్చేనాటికి వారిలోనూ ఉండదు. అందుకే అక్కడ తొలిచూలు స్త్రీలకు ముప్పు ఎక్కువ. భారత్‌లో పరిస్థితి వేరు. ఇక్కడ అనేక ప్రాంతాల్లో మలేరియా అడపాదడపా, వర్షాకాలంలోనూ ఆ తర్వాతా వస్తుంది. స్త్రీలలో నిరోధకశక్తి అంతగా ఏర్పడదు. కనుక తొలిచూలైనా మలిచూలైనా ప్రమాదమే. వ్యాధి ముదిరితే రక్తంలో చక్కెర పడిపోవడం, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, మెదడుకు సోకి స్పృహ తప్పడం వంటివి సంభవించి తల్లి ప్రాణానికే ముప్పు వాటిల్లుతుంది. కేసులు తగ్గేకొద్దీ ప్రజల్లో నిరోధకశక్తి కూడా తగ్గుతుంది కాబట్టి, అరుదుగా సోకినా ఆ జ్వరం తీవ్రరూపం దాల్చే అవకాశం ఉంది.

దోమలు సైతం గర్భిణుల వైపే ఎక్కువగా ఆకర్షితమవుతాయి. ఇతర స్త్రీల కన్నా గర్భిణుల చెంతకు రెట్టింపు సంఖ్యలో దోమలు చేరుతున్నట్లు గాంబియాలో జరిగిన ఒక అధ్యయనం 2000లో తేల్చింది. గర్భిణులు వదిలే శ్వాస పరిమాణం, శరీరపు వేడి అధికంగా ఉండడమే ఇందుకు కారణం కావచ్చునని పరిశోధకులు భావించారు.

రక్తహీనతకు తోడు మలేరియా

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని గర్భిణుల్లో 52.2 శాతం మంది రక్తహీనతతో బాధపడుతున్నారు. మలేరియా క్రిములు ఎర్ర రక్తకణాలనే ధ్వంసం చేస్తాయి. అసలే అంతంతమాత్రంగా ఉన్న రక్తం ఇంకా తరిగిపోతే, కాన్పు సమయంలో జరిగే మామూలు రక్తస్రావాన్ని కూడా తల్లి తట్టుకోలేదు. ఇటువంటి మరణం రికార్డుల్లో రక్తహీనత కిందనో, రక్తస్రావం కిందనో చేరిపోతుంది. వెనుక ఉన్న మలేరియా కనపడకుండా పోతుంది.

సకాలంలో గుర్తిస్తే ఈ మరణాలను నివారించవచ్చునని థాయిలాండ్-బర్మా సరిహద్దులోని కరెన్ శరణార్థి శిబిరాల అనుభవం రుజువు చేసింది. 1985లో అక్కడి గర్భిణుల్లో దాదాపు నూటికి ఒకరు మలేరియాతో మరణించినట్లు అంచనా. 1986 నుంచి షోక్లో మలేరియా పరిశోధన కేంద్రం గర్భిణులకు వారం వారం రక్తపరీక్షలు జరిపి వెంటనే చికిత్స అందించడంతో ఆ మరణాలు దాదాపు ఆగిపోయాయి. తొలి మూడు నెలల్లో ఒక్కసారి మలేరియా సోకినా, లక్షణాలు లేకపోయినా, గర్భస్రావం ముప్పు రెండున్నర రెట్లకు పైగా పెరుగుతుందని అదే కేంద్రం 2012లో ప్రకటించింది. లక్షణాలు కనిపిస్తే ఆ ముప్పు నాలుగు రెట్లు.

మందుల్లోనూ జాగ్రత్త

ఆఫ్రికాలో వ్యాధి అధికంగా గల దేశాల్లో గర్భిణులకు నాలుగో నెల నుంచి సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్ మాత్రలను ముందుజాగ్రత్తగా ఇస్తున్నారు. కనీసం నెల వ్యవధితో మూడు లేదా అంతకు మించి మోతాదులు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో సూచించింది. భారత్‌లో ఈ పద్ధతి అమలులో లేదు. కాబట్టి ఇక్కడి గర్భిణికి రక్షణ దోమతెర, సత్వర పరీక్ష, సరైన చికిత్స మాత్రమే.

చికిత్సలో ఎన్నో నెల అన్నది ముఖ్యం. వైవాక్స్ రకానికి క్లోరోక్విన్ వాడవచ్చు. ఆ క్రిములు కాలేయంలో దాగి మళ్లీ తలెత్తకుండా ఇచ్చే ప్రైమాక్విన్‌ను మాత్రం గర్భిణులకు ఇవ్వరాదు. ఫాల్సిపారం సోకితే తొలి మూడు నెలల్లో క్వినైన్, ఆ తర్వాత ఆర్టిమిసినిన్ మిశ్రమ ఔషధాలు వాడాలని భారత మార్గదర్శకాలు 2013లో నిర్దేశించాయి. ఆర్టిమెథర్-ల్యూమిఫాంట్రిన్‌ను తొలి మూడు నెలల్లోనూ వాడవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నవంబరులో సిఫార్సు చేసింది. క్వినైన్ వల్ల గర్భిణి రక్తంలో చక్కెర ప్రమాదకర స్థాయికి పడిపోయే అవకాశం ఉంది. అందువల్ల మందుల దుకాణంలో అడిగి మాత్రలు మింగడం, ఇంట్లో మిగిలిన మందులు వాడడం తగదు. గర్భం దాల్చినట్లు, ఎన్నో నెల అన్నది వైద్యులకు ముందే చెప్పాలి.

నివారణే శ్రేయస్కరం

ఆంధ్రప్రదేశ్‌లోని అల్లూరి సీతారామరాజు, పార్వతీపురం మన్యం జిల్లాల గిరిజన గూడేల్లోనూ, తెలంగాణలోని గోదావరి తీర ఏజెన్సీ మండలాల్లోనూ ఈ జాగ్రత్తలు అత్యవసరం. దోమ కడుపులో మలేరియా క్రిమిని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న తొలిసారి కనుగొన్నది సికింద్రాబాద్‌లోనే. వ్యాధి ఎలా వ్యాపిస్తుందో తెలిసి నూట పాతికేళ్లు దాటినా మన్యంలో దాని బెడద పూర్తిగా తీరలేదు.

గర్భిణి ప్రతి రాత్రీ మందు పూసిన దోమతెరలోనే నిద్రించాలి. పోడు చేలకు కాపలాగా వెళ్లినప్పుడూ తెరను వెంట తీసుకువెళ్లాలి. ఇటువంటి తెరలు దాదాపు 20 ఉతుకుల వరకు, మూడేళ్ల పాటు పనిచేస్తాయి. వాటిని నీడలోనే ఆరబెట్టాలి. తెరపై ఉన్న మందు చేపలకు హానికరం కనుక వాగుల్లో, చెరువుల్లో ఉతకరాదు. గోడలకు దోమల మందు చల్లిన తర్వాత అలకడం, సున్నం వేయడం చేస్తే మందు ప్రభావం పోతుంది.

జ్వరం, తలనొప్పి, విపరీతమైన నీరసం, పాలిపోవడం వంటివి కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆశా కార్యకర్త వద్దనో, ఉపకేంద్రంలోనో రక్తపరీక్ష చేయించుకోవాలి. ఈ పరీక్షకు కొద్ది నిమిషాలే పడుతుంది. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు జరుపుతున్న ఉచిత పరీక్షల్లో మలేరియా పరీక్ష కూడా ఉంది. రక్తహీనత నివారణకు ఇనుము, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మానకుండా వాడాలి.

కేసుల సంఖ్య తగ్గుతున్నకొద్దీ జ్వరాన్ని చూసి మలేరియాను అనుమానించే అలవాటు ప్రజల్లోనూ, వైద్య సిబ్బందిలోనూ తగ్గిపోయే ప్రమాదం ఉంది. నిర్మూలన లక్ష్యానికి దేశం చేరువవుతున్న ఈ దశలో చివరి గూడెంలోని గర్భిణికీ దోమతెర, రక్తపరీక్ష సకాలంలో అందితేనే ఆ లక్ష్యం సార్థకమవుతుంది.