మౌస్ లేకుండా రాత: విమ్ ఎడిటర్ నేర్చుకుందాం

 

మన కంప్యూటరు గదిలో మూలనున్న పాత యంత్రానికి మౌస్ లేదు. అందులో లైనక్స్ ఉంది. తెర నల్లగా ఉంటుంది, బొమ్మలు, మెనూలు ఏవీ కనపడవు. "అది పనికిరాదు లేరా" అని చాలామంది దాని దగ్గరికే పోవడం లేదు. కానీ తాండాల నుంచి మనం తెచ్చిన లంబాడీ మాటల పట్టికంతా అందులోనే ఎక్కిస్తున్నాం. యాడి అంటే అమ్మ, బాటి అంటే రొట్టె, పాణి అంటే నీళ్ళు. ఇట్లా వరుసకొక మాట. మన భాషకు సొంత లిపి లేదు, తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాం. పదో తరగతి వాళ్ళం వచ్చే ఏడు వెళ్ళిపోతాం. ఈ పని ఆగకూడదంటే ఆరు, ఏడు తరగతుల తమ్ముళ్ళు ఆ యంత్రం మీద రాయడం నేర్చుకోవాలి. అందుకే ఈ వ్యాసం.

ఎట్లా పుట్టింది?

1976లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో బిల్ జాయ్ అనే విద్యార్థి వి.ఐ. అనే ఎడిటర్ రాశాడు. అప్పుడు ఆయన ఇంటి నుంచి టెలిఫోను తీగ మీద పని చేసేవాడు. ఆ తీగలో సెకనుకు సుమారు 30 అక్షరాలే వచ్చేవి. 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు ఉన్న తెర నిండాలంటే నిమిషం దాటేది. కాబట్టి ఒక్కొక్క అక్షరంతోనే ఒక్కొక్క పని జరిగేటట్టు పెట్టాడు. ఆయన వాడిన టెర్మినల్‌లో బాణం గుర్తులు హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే అచ్చయి ఉండేవి. ఈనాటికీ ఎడమకు హెచ్, కిందికి జె, పైకి కె, కుడికి ఎల్.

నెదర్లాండ్స్ దేశస్థుడు బ్రామ్ మూలెనార్ దాని పద్ధతిలోనే పనిచేసే విమ్‌ను 1991లో విడుదల చేశాడు. ఇది ఉచితం. "మీకు నచ్చితే ఉగాండాలోని పేద పిల్లలకు సాయం చేయండి" అని మాత్రం కోరాడు. 1994లో ఆయన అక్కడి కిబాలే పిల్లల కేంద్రంలో ఏడాది పని చేశాడు. 2023లో చనిపోయాడు. మనలాంటి పిల్లల కోసం అడిగినవాడు కాబట్టి ఆ పేరు గుర్తుంచుకోదగ్గది.

అసలు కిటుకు

కొత్తవాళ్ళు విమ్ తెరిచి టైపు కొడితే అక్షరాలు పడవు, ఉన్న వరుసలు మాయమవుతాయి. ఎందుకంటే విమ్‌కు ముఖ్యంగా రెండు స్థితులు ఉన్నాయి. ఒకటి ఆజ్ఞల స్థితి, రెండోది రాత స్థితి. ధర్మవరంలో మగ్గం చూసినవాళ్ళకు ఇది సులభం. నేతగాడు కాలితో తొక్కితే పడుగు రెండుగా విడిపోతుంది, అప్పుడే నాడె దూరుతుంది. తొక్కకుండా నాడె వేస్తే నేత పడదు. ఇక్కడ కూడా అంతే. ఐ మీట నొక్కితే రాత స్థితి తెరుచుకుంటుంది. రాయడం అయినాక ఎస్కేప్ నొక్కితే ఆజ్ఞల స్థితికి వస్తాం. ఏ స్థితిలో ఉన్నామో తెలీకపోతే ముందు ఎస్కేప్ నొక్కండి, నష్టం లేదు.

ముఖ్యమైన ఆజ్ఞలు (అన్నీ చిన్న అక్షరాలే)

1. ఎక్స్ : ఒక అక్షరం తీసేస్తుంది.
2. డి, డి : వరుస మొత్తం తీసేస్తుంది.
3. పి : తీసినదాన్ని మళ్ళీ పెడుతుంది.
4. యు : చేసిన పని వెనక్కి తీసుకుంటుంది.
5. కోలన్, డబ్ల్యూ, ఎంటర్ : దాచిపెడుతుంది.
6. కోలన్, క్యూ, ఎంటర్ : బయటికి వస్తుంది.

వీటిని బట్టీ పట్టేకంటే వ్యాకరణంలాగా చూడండి. డి అంటే తీసెయ్, డబ్ల్యూ అంటే పదం. డి, 3, డబ్ల్యూ నొక్కితే మూడు పదాలు పోతాయి. తెలుగులో "మూడు పదాలు తీసెయ్" అని క్రియ చివర వస్తుంది, ఇక్కడ క్రియ ముందు వస్తుంది. అంతే తేడా.

క్యాప్స్ లాక్ వెలుగుతూ ఉంటే జాగ్రత్త. చిన్న జె కిందికి దింపుతుంది, పెద్ద జె రెండు వరుసలను ఒకటిగా కలిపేస్తుంది.

తెలుగు రాసేటప్పుడు

ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో అచ్చులు, గుణింతాలు ఎడమ చేతి వైపు, హల్లులు కుడి చేతి వైపు ఉంటాయి. ఆజ్ఞలు మాత్రం ఇంగ్లీషు అక్షరాలు. కాబట్టి ఎస్కేప్ నొక్కినాక కీబోర్డును ఇంగ్లీషుకు మార్చాలి, లేకపోతే ఆజ్ఞ పని చేయదు. నల్ల తెర మీద ప్రతి అక్షరానికీ సమానమైన గడి ఉంటుంది. మన ఒత్తులు ఆ గడిలో ఇమడక విడిపోయినట్టు కనిపించవచ్చు. భయపడొద్దండి, ఫైలులో మాట సరిగ్గానే ఉంటుంది.

మాటలన్నీ ఎక్కించినాక కోలన్ కొట్టి "సార్ట్" అని ఇంగ్లీషులో రాసి ఎంటర్ నొక్కితే వరుసలన్నీ దాదాపు మన వర్ణమాల క్రమంలోకి వస్తాయి. చేత్తో అయితే అది వారం రోజుల పని.

కరెంటు పోతే?

మన దగ్గర అందరూ అడిగేది ఇదే. మనం రాస్తుండగానే విమ్ పక్కన ఇంకొక ఫైలులో నకలు పెట్టుకుంటుంది. 200 అక్షరాలు కొట్టినప్పుడో, 4 సెకన్లు ఊరకున్నప్పుడో ఆ నకలు డిస్కు మీదికి పోతుంది. కరెంటు వచ్చినాక అదే ఫైలు తెరిస్తే హెచ్చరిక వస్తుంది. అప్పుడు ఆర్ నొక్కితే రాసింది చాలావరకు తిరిగి వస్తుంది. వెంటనే దాచిపెట్టి, పాత నకలును చెరిపేయాలి.

ఎట్లా నేర్చుకోవాలి?

లైనక్స్‌లో "విమ్ ట్యూటర్" అనే పాఠం ఉంది, అరగంటలో అయిపోతుంది. అది నకలు మీదే నడుస్తుంది కాబట్టి ఏమి చేసినా చెడిపోదు. మనకు వారానికి దొరికేది కూడా అరగంటే. మిగతా రోజుల్లో అట్ట మీద మీటలు గీసుకుని వేళ్ళు ఆడించండి. హిందూపురంలో టైపు నేర్చుకున్న మా అన్న తెర చూస్తాడు గానీ మీటలు చూడడు. రేపు మీరు పెనుకొండలోనో ధర్మవరంలోనో ఏ ఆఫీసులో కూర్చున్నా ఆ చేతి వాటం వృథా పోదు.

వార్డెన్ గారికి ఒక మనవి. ఆదివారం సాయంత్రం ఒక గంట ఆ గది తెరిపిస్తే తమ్ముళ్ళకు మేము కూర్చోబెట్టి నేర్పిస్తాం. మా తాండాలో ఆ మాటలు తెలిసిన ముసలివాళ్ళు ఇప్పటికే కొద్దిమంది. వాళ్ళు ఉండగానే పట్టిక పూర్తి కావాలి.