ల్యాబ్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ: ఏం అడుగుతారు? ఎందుకు అడుగుతారు?

మన సంఘ కుటుంబాల్లో ఇంటర్ బై.పి.సి. తర్వాత డి.ఎం.ఎల్.టి. గానీ, బి.ఎస్సీ. ఎం.ఎల్.టి. గానీ చదివిన పిల్లలు చాలామందే ఉన్నారు. కోర్సు పూర్తయ్యాక హైదరాబాదు, విజయవాడల్లోని పెద్ద కార్పొరేట్ ఆసుపత్రుల నుంచి ఇంటర్వ్యూకు పిలుపు వస్తుంది. అప్పుడు తల్లిదండ్రులు మా దగ్గరకు వచ్చి "సిస్టర్‌గారూ, ఏం అడుగుతారండీ? మావాడికి ఇంగ్లీషు అంతగా రాదు" అని దిగులు పడుతుంటారు. వారందరి కోసం ఈ నాలుగు మాటలు.

కాగితాలు సిద్ధం చేసుకోండి

పదో తరగతి, ఇంటర్, కోర్సు మార్కుల జాబితాలు, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్, శిక్షణ సర్టిఫికెట్, ఆధార్ ఒకే ఫైలులో పెట్టుకోండి. ఒరిజినల్స్ చూపించి, జిరాక్సులు ఇవ్వండి. హెపటైటిస్ బి టీకా వేయించుకున్నారా అని కూడా అడుగుతారు. మామూలుగా ఇది మూడు డోసులు: మొదటిది వేశాక నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. వేయించుకోనివారు ఇప్పుడే మొదలుపెట్టండి.

రక్తం తీసే ముందు

"రోగిని ఎలా గుర్తిస్తారు?" అనేది తేలికగా కనిపించే ప్రశ్న. "మీరు రాజమ్మగారేనా?" అని అడగకూడదు. భయంలో ఉన్నవారు దేనికైనా "ఆఁ" అంటారు. "మీ పేరేంటండీ?" అని వారిచేతే చెప్పించాలి. దాంతోపాటు ఆసుపత్రి నంబరు గానీ పుట్టిన తేదీ గానీ సరిచూడాలి. మంచం నంబరు చాలదు. రక్తం తీసిన వెంటనే, రోగి పక్కనే ట్యూబు మీద లేబుల్ అంటించాలి.

తర్వాత ట్యూబుల వరుస. బ్లడ్ కల్చర్ సీసాలు ముందు. తర్వాత లేత నీలం మూత, ఎరుపు లేదా పసుపు, ఆకుపచ్చ, ఊదా, చివర బూడిద రంగు. వరుసను బట్టీ పట్టి అప్పజెబితే చాలదు, కారణం చెప్పగలగాలి. ఊదా మూత ట్యూబులో పొటాషియంతో కూడిన మందు ఉంటుంది. అది కొంచెం సీరం ట్యూబులో కలిసినా రిపోర్టులో పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా వస్తుంది. అప్పుడు డాక్టరుగారు లేని జబ్బుకు మందు రాసే ప్రమాదం ఉంది.

అసలు పరీక్ష ఇక్కడే

"కంట్రోల్ పరీక్ష సరిగ్గా రాలేదు. వార్డు నుంచి రిపోర్టు కోసం ఫోన్లు వస్తున్నాయి. ఏం చేస్తారు?" అని అడుగుతారు. మా దగ్గర శిక్షణ పొందిన ఒక అమ్మాయిని ఇదే అడిగితే, తెలుగులోనే ఇలా చెప్పింది: "ఆలస్యమైందని తిడితే పడతాను సార్. తప్పు రిపోర్టు మాత్రం పంపను. మా సీనియర్‌కి చెప్పి, కారణం చూసి, కంట్రోల్ సరిగ్గా వచ్చాకే రోగి శాంపిల్ పెడతాను." ఆ అమ్మాయికి ఉద్యోగం వచ్చింది.

పొటాషియం 6.8 వస్తే ఏం చేస్తారన్నది మరో ప్రశ్న. శాంపిల్‌లో ఎర్రకణాలు పగిలాయేమో చూడాలి. పగిలితే మళ్లీ రక్తం తెప్పించాలి. శాంపిల్ బాగుంటే వెంటనే వార్డుకు ఫోన్ చేసి, అవతలివారిచేత ఆ అంకె తిరిగి చెప్పించుకుని, వారి పేరు, సమయం రాసి పెట్టుకోవాలి. అంత పొటాషియం గుండెకు ప్రమాదం, ఆలస్యం పనికిరాదు.

సూది గుచ్చుకుంటే పిండకూడదు. సబ్బుతో, పారే నీటితో కడిగి వెంటనే పైవారికి చెప్పాలి. హెచ్.ఐ.వి. రాకుండా వాడే మందులు అవసరమైతే వీలైనంత త్వరగా, 72 గంటలు దాటకుండా మొదలుపెట్టాలి. వాడిన సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలో వేయాలని 2016 నాటి వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి.

తల్లిదండ్రులకు ఒక మాట

ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగేవారిని నమ్మకండి. అప్పు చేసి ఇచ్చిన సొమ్ము తిరిగి రావడం కష్టం. బాండు మీద సంతకం పెట్టమంటే, ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి అన్నది చదివాకే పెట్టించండి. జీతం, రాత్రి డ్యూటీలు, హాస్టల్ వసతి గురించి అడగడం తప్పు కాదు.

ఇక ఇంగ్లీషు గురించి. తెలిసినది నెమ్మదిగా, స్పష్టంగా చెప్పండి. తెలియనిదానికి "తెలియదు సార్, అడిగి నేర్చుకుంటాను" అనండి. ల్యాబ్‌లో ఊహించి చెప్పేవారికంటే, అడిగి చేసేవారి చేతిలోనే రోగి క్షేమంగా ఉంటారు.