పచ్చ టిక్కు పడ్డా బట్ట చూడాలె



నేను చదివింది నాలుగో తరగతి, అది కూడా సోలాపూర్‌లో తెలుగు బడిలో. చిన్నతనంలోనే గిరణిలో చేరిన. గిరణి మూతబడ్డంక పవర్‌లూమ్ కార్ఖానాలో చద్దర్లు నేసిన. ఇప్పుడు నాకు 66 ఏళ్లు. ఇట్లాంటోడు వెబ్‌సైటు గురించి రాస్తున్నడేందని నవ్వుకోకండి. మా పాత కామ్‌గార్ల మండలి వెబ్‌సైటుకు ఇప్పుడు నేనే రాస్తున్న, నేనే పంపుతున్న. ఎట్ల పంపుతున్ననో, యాడ తప్పిననో చెప్తే మీ ఊరి మండలికి పనికొస్తదని ఈ నాలుగు మాటలు.

సంగతి పెన్షన్ కాడ మొదలైంది. ఈపీఎస్-95 పెన్షన్ తీసుకునేటోళ్లు ఏడాదికోసారి, బతికే ఉన్నమని జీవన్ ప్రమాణ్ ఇయ్యాలె. ఏ నెలలో ఇచ్చినా నడుస్తది, ఇచ్చిన రోజు నుంచి 12 నెలలు చెల్లుతది. అది దాటితే పైసలు ఆగుతయి. మా మండలి ఏటా దానికోసం కేంపు పెడుతది. నిరుడు కేంపు తారీఖు ముందుకు జరిగింది, వెబ్‌సైటులో మాత్రం పాత తారీఖే ఉండిపోయింది. మా పక్కింటి వదినె కొడుకు ఫోన్లో చూసి, "ఇంకా టైముందమ్మా" అన్నడు. ఆమె పెనిమిటి, నేను ఒక్క పాళీలో పనిచేసినోళ్లం. ఆయన పోయినంక ఆ పెన్షన్ ఆమెకు వస్తున్నది. రెండు నెలలు ఆగిపోయింది. "వెయ్యి రూపాయలే కదా" అనేటోళ్లు ఉంటరు. బీడీలు చుట్టే చేతులు వణుకుతున్న మనిషికి ఆ వెయ్యే బీపీ గోలీలు.

తప్పు మాదే. వెబ్‌సైటు చూసుకునే పిల్లగాడు తన కంప్యూటర్ నుంచి ఫైళ్లను ఒక్కొక్కటి చేత్తో సర్వర్‌కు ఎక్కించేటోడు. అతనికి పుణెలో నౌకరీ దొరికింది. పాస్‌వర్డు అతనితోనే పోయింది. ఒక్క మనిషి చేతిలో ఉన్న పని ఆ మనిషి పోతే ఆగినట్టే.

అప్పుడు మా మనుమరాలు, "తాతా, దీన్ని ఆటోమేటిక్ చేద్దాం" అన్నది. ఆటోమేటిక్ అంటే నాకు మగ్గమే యాదికొస్తది. ఆమె కూడా అట్లనే చెప్పింది.

మాది స్టాటిక్ సైటు. అంటే నేసి మడత పెట్టిన చద్దరు లెక్క. గిరాకి వచ్చినంక నేసేది లేదు, దుకాణంలో ఉన్నది తీసిచ్చుడే. పేజీలన్నీ ముందే తయారై ఉంటయి, ఎవరు అడిగితే వాళ్లకు ఫోన్లో కనబడుతయి. మేము పాఠాన్ని మార్క్‌డౌన్ అనే సాదా రాతలో రాస్తం. హ్యూగో అనే ప్రోగ్రాము దాన్ని వెబ్ పేజీలుగా మారుస్తది. రాత నూలు, పేజీ బట్ట, హ్యూగో మగ్గం.

ఆ నూలు పెట్టే గోదాము గిట్‌హబ్‌లో ఉంటది. దాన్ని రిపాజిటరీ అంటరు. ఎవరు ఏనాడు ఏ అక్షరం మార్చిండ్రో అందులో ఖాతా పుస్తకం లెక్క రాసి ఉంటది. అక్కడ వర్క్‌ఫ్లో అని ఒక చిన్న ఫైలు పెట్టినం. సోలాపూర్ చద్దరు మీద నెమలి ఎట్ల వస్తదో మనకు తెలుసు. జాకార్డు మీద చిల్లుల అట్టలు వరుసగా కుట్టి ఉంటయి, ఏ పడుగు దారం లేవాల్నో ఆ చిల్లులే చెప్తయి. ఈ ఫైలు కూడా అట్టల దండనే. ఇందులో ఉండే మాటలు ఇంతే: మెయిన్ అనే కొమ్మలో కొత్త రాత పడంగనే లేవాలె, గోదాము నుంచి ఫైళ్లు తేవాలె, హ్యూగోతో పేజీలు కట్టాలె, కట్టిన మూటను సైటుకు పంపాలె. ఈ పని గిట్‌హబ్ వాళ్ల కంప్యూటర్ మీద నడుస్తది, మన ఇంట్ల కంప్యూటర్ బందున్నా సరే. సెట్టింగుల్లో పేజెస్ అనే కాడికి పోయి, సోర్సు అన్న చోట గిట్‌హబ్ యాక్షన్స్ అని ఎంచుకోవాలె. అంతే.

చెప్పినంత సులువుగా మాత్రం కాలేదు. మొదటిసారి నేను రాత పంపితే అసలు ఏమీ కదలలే. ఎర్ర గుర్తు లేదు, పచ్చ గుర్తు లేదు. మేము పాత నమూనా చూసి ఎత్తి రాసినం, అందులో కొమ్మ పేరు మాస్టర్ అని ఉంది. మా కొమ్మ పేరు మెయిన్. పేరు కలవకపోతే అది లేవనే లేవదు.

అది సరిచేస్తే ఎర్ర గుర్తు పడ్డది. ఆ ఫైలు యామల్ అనే రాతలో ఉంటది. దాంట్ల ఏ మాట ఎన్ని ఖాళీలు లోపలికి ఉందన్నదే లెక్క, ఆ ఖాళీలు స్పేస్ మీటతోనే పెట్టాలె. నేను ట్యాబ్ మీట నొక్కిన. కంటికి రెండూ ఒక్కతీరే ఉంటయి. ఫణిలో ఒక దారం పక్క పంటిలో పడితే పైకి కనబడదు, బట్టలో గీత పడుతది చూడండి, అట్ల.

మూడోసారి పేజీ వచ్చింది కానీ రంగు లేదు, బొమ్మ లేదు, అక్షరాలు మాత్రం ఉన్నయి. మా సైటు అడ్రసు చివర రిపాజిటరీ పేరు కూడా ఉంటది. హ్యూగో సెట్టింగులో బేస్ యూఆర్‌ఎల్ అన్న చోట ఆ పేరు రాయలే. రంగుల ఫైలు కోసం అది వేరే వాకిట్లో వెతుక్కుంటున్నది.

ఒక మంచి మాట కూడా చెప్పాలె. పేజీలు కట్టే పని తప్పితే పంపే పని మొదలుకాదు, పాత సైటు అట్లనే నిలబడుతది. గిరణిలో ఆటోమేటిక్ మగ్గాలకు పడుగు దారం తెగితే సన్న రేకు కింద పడి మగ్గం ఆగేది. అదే గుణం దీనికి ఉందని నాకు చాన సంబురమైంది.

ఆ సంబురంలోనే మోసపోయిన. ఈ ఏడు కేంపు పేజీ నేనే రాసిన. పంపిన. నిమిషం దాటంగనే పచ్చ టిక్కు పడ్డది. వదినెతోని, "ఈసారి పక్కా, ఫోన్లో పెట్టిన" అని చెప్పి చాయ్ తాగి పండుకున్న. నిద్ర పట్టలే. గిరణిలో మగ్గం దిగిన ప్రతి బట్టను వెలుతురుకు పట్టి చూసేటోళ్లు ఉండేటోళ్లు. మగ్గం ఆగకుండా నడిచింది కాబట్టి బట్ట మంచిదే అని ఏ జాబరూ అనలే. లేచి నా ఫోన్లో సైటు తెరిచిన. కేంపు పేజీ లేదు.

పొద్దున మనుమరాలికి ఫోను చేసిన. ఆమె ఫైలు చూసి, "తాతా, పేజీ పైన తారీఖు అన్న కాడ కేంపు తారీఖు రాసినవు" అన్నది. ఆ తారీఖు పేజీ రాసిన రోజుదట. ముందు రోజుల తారీఖు వేస్తే, ఇంకా దాని రోజు రాలేదని హ్యూగో ఆ పేజీని పక్కన పెడుతది. దాని లెక్కలో అది తప్పు కాదు, అందుకే పచ్చ టిక్కు. ఇంకో సంగతి, ఆ రోజు వచ్చినా పేజీ తనంతట తాను బయటికి రాదు. మళ్ల ఎవరన్నా కొత్త రాత పంపితేనే మగ్గం లేస్తది. అంటే కేంపు అయిపోయినంక ఎప్పుడో కనబడేది. వదినె పెన్షన్ మళ్ల ఆగేది, ఈసారి నా చేత్తోని.

పైన రాసిన రోజు తారీఖు వేసి, కేంపు తారీఖు లోపల రాతలో పెట్టిన. పేజీ వచ్చింది. వదినె ఫోన్లో తెరిచి చూపించిన. కేంపుకు పోయి ఆమె వేలిముద్ర ఇచ్చి వచ్చింది.

అట్ట తెగితే జాకార్డు ఆగొచ్చు. అట్టలు తారుమారుగా కుడితే ఆగదు, నెమలి మెడ తోక కాడ నేసుకుంటు పోతది. యంత్రం తెగిన దారం చూస్తది గానీ బొమ్మ చూడదు. బొమ్మ చూసేది మనిషే.

అందుకే ఇప్పుడు మా మండలిలో ఒక కట్టుబాటు పెట్టుకున్నం. ఎవరు రాసినా ముందు వేరే కొమ్మలో పెట్టాలె, ఇంకొకరు చదివి సరే అన్నంకనే మెయిన్‌లో కలపాలె. గిట్‌హబ్‌లో దీన్ని పుల్ రిక్వెస్ట్ అంటరు. టిక్కు పడ్డంక రాసినోడు సైటును తన ఫోన్లో తెరిచి చూడాలె. పాస్‌వర్డు కూడా ఇప్పుడు ఒక్కరి జేబులో లేదు. ముగ్గురికి ఎవరి ఖాతా వాళ్లకుంది. ఒకరు ఊరికి పోయినా పని ఆగదు.

ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తా. పెన్షన్‌దార్ల పీపీఓ నంబర్లు, ఫోను నంబర్లు జాబితాగా పెడితే వెతుక్కునుడు సులువని నేను అనుకున్న. మనుమరాలు ఆపింది. మా రిపాజిటరీ అందరికీ కనబడేది. ఒకసారి పెట్టి తర్వాత తీసేసినా పాత రాత ఆ ఖాతా పుస్తకంలో ఉండనే ఉంటది, తెలిసినోడు తిరగేసి చూడొచ్చు. కాబట్టి మనుషుల నంబర్లు, బ్యాంకు కాగితాలు అందులో పెట్టొద్దు. తారీఖు, జాగ, ఏమేం కాగితాలు తేవాల్నో, అంతే చాలు.

మీ మండలిలో చదువుకున్న పిల్లలుంటే ఒక ఆదివారం కూర్చోబెట్టుకోండి. పని వాళ్లు నేర్పుతరు. బట్టను వెలుతురుకు పట్టి చూసుడు మాత్రం మనమే వాళ్లకు నేర్పాలె.