పుట సంఖ్య గ్రంథానిది కాదు, ముద్రణది

దివ్యఖుర్‌ఆన్‌ను ఉదహరించేవారు సూరా, ఆయతుల సంఖ్య చెబుతారేగాని పుట చెప్పరు. మదీనా ముస్‌హఫ్‌లో 604 పుటలుంటే మరొక ముద్రణలో ఆ లెక్క మారిపోతుంది. హదీసు గ్రంథాలకు ఈ సౌలభ్యం పూర్తిగా లేదు. సహీహ్ ముస్లింకు ముహమ్మద్ ఫుఆద్ అబ్దుల్ బాఖీ వేసిన సంఖ్యలు విస్తారంగా వాడుకలో ఉన్నవి. వాటి ప్రకారం సంకల్పాన్ని గురించిన హదీసు 1907వది. ముస్నద్ అహ్మద్‌ను మాత్రం పండితులు చాలాకాలం హిజ్రీ 1313 నాటి కైరో ముద్రణలోని సంపుటం, పుటలతోనే సూచించారు. అది ఆరు సంపుటాల ప్రతి. తరువాత వచ్చిన 50 సంపుటాల ప్రతిలో దాని సంపాదకులు ఆ పాత పుట సంఖ్యలను అంచున వేసి ఎంతో మేలు చేశారు. ఇమామ్ బైహఖీ అస్సుననుల్ కుబ్రాను హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫ్ పది సంపుటాలుగా అచ్చువేసింది. ఆ పుట సంఖ్య పట్టుకొని, కొత్తగా అక్షరాలు కూర్చి వేసిన ప్రతిలో వెదికితే హదీసు దొరకదు. దొరకనప్పుడు అసలు ఆ హదీసే గ్రంథంలో లేదేమోనన్న శంక కలుగుతుంది. ప్రవక్త (స) వారి పేర చెప్పే మాట విషయంలో ఇది చిన్న సంగతి కాదు.

నేటి పరిశోధకులు ఈ సూచికల పనిని కంప్యూటరుకు అప్పగిస్తున్నారు. 2006లో వెలువడిన జొటీరో అటువంటి సాధనాలలో ఒకటి. గ్రంథాలయంలోని కార్డువలె అందులో ప్రతి గ్రంథానికి ఒక పత్రం ఉంటుంది: గ్రంథకర్త, ముద్రణ, స్థలం, సంవత్సరం. ఉదహరించిన పుట ఆ పత్రానికి చెందదు. దానిని వ్యాసంలో సూచిక పెట్టిన చోటనే, ప్రతిసారి, విడిగా ఇవ్వాలి. పత్రంలోని పుటల గడి, ఒక పత్రికావ్యాసం 201 నుండి 230 వరకు ఉన్నదని చెప్పడానికి మాత్రమే. 214వ పుటలోని మాటను ఉదహరిస్తూ ఆ గడిలోనే 214 వ్రాస్తే, గ్రంథసూచిలో ఆ వ్యాసం ఒక్క పుటకే కుదించుకుపోతుంది.

ఇంతకన్న ప్రమాదకరమైన పొరపాటు మరొకటి ఉన్నది. జొటీరో తనకిచ్చిన సంఖ్యను, వేరే చెప్పనంతవరకు, పుటగానే భావిస్తుంది. 1907 అని మాత్రం ఇస్తే, పుట అన్న గుర్తును చేర్చే శైలులలో హదీసు సంఖ్య కాస్తా 1907వ పుటగా అచ్చవుతుంది! సంపుటానికి, అధ్యాయానికి, వచనానికి వేరువేరు గుర్తులు అందులో ఉన్నవి, హదీసుకు లేదు. కనుక సంఖ్య గడిని ఖాళీగా వదలి, సూచిక చివర చేర్చే మాటల గడిలో “హదీసు 1907” అని వ్రాయడం క్షేమం. పుటతో సూచించక తప్పని గ్రంథమైతే, చేతనున్న ముద్రణ ఏదో పత్రంలో నమోదు చేయాలి. హైదరాబాదు ప్రతికి ఒక పత్రం, బైరూతు ప్రతికి మరొకటి.